ధర్మం సొమ్ముతో తెప్ప ఎక్కిన రోజు

నేను వస్తున్నానని మా వీధికి నాకన్నా ముందే తెలిసిపోయేది. నా నడుముకి ఇనప తాళంచెవుల గుత్తి ఒకటి ఉండేది. మొలతాడుకి కట్టి, పైన పంచె ఎంత బిగించి చుట్టినా, అడుగు తీసి అడుగు వేస్తే గలగలమనేది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాట మధ్యలో ఆపి తలెత్తి చూసేవారు. ఆ చూపులో జాలి ఉండేది. జాలి అంటే నాకు ఒళ్ళు మంట. ముసలాణ్ణయ్యాను గానీ ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

నాకు మూర్ఛ. పద్నాలుగో ఏట హైస్కూల్లో లెక్కల క్లాసులో మొదటిసారి వచ్చింది. బెంచీ మీంచి పడిపోయానట, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట. ఇవన్నీ ఎవరో చెప్పగా విన్నవే. నాకు గుర్తున్నది కళ్ళు తెరిచాక కనిపించినది మాత్రమే. చేతిలో ఎవరిదో తాళంచెవి, ముక్కు దగ్గర కోసిన ఉల్లిపాయ, చుట్టూ మొహాలే మొహాలు. మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే అది దిగిపోతుందని మా అనకాపల్లిలో పసిపిల్లాడికి కూడా తెలుసు. విశాఖపట్నం పెద్దాసుపత్రి డాక్టరు తెల్ల మాత్రలు రాసిచ్చి, ఇనుముకీ జబ్బుకీ సంబంధం లేదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. మా అమ్మ ఆయన చెప్పినదంతా శ్రద్ధగా విని, మాత్రలూ వేసింది, గుత్తీ కట్టింది. ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో, రెండూ ఉంటే పోయేదేముంది అనేది. మోసేది నేను కదా.

ఇక అప్పట్నించీ నూతి దగ్గరికి వెళ్ళకూడదు. పొయ్యి దగ్గర కూర్చోకూడదు. మేడమెట్లు ఎక్కకూడదు. సైకిలు ముట్టుకోకూడదు. శారద ఏటికి స్నానానికి పోయే స్నేహితులు మొదట్లో పిలిచేవారు, తర్వాత మానేశారు. బొజ్జన్నకొండ మా ఊరి పక్కనే ఉంది. చిన్నప్పుడు రోజూ ఎక్కి దిగిన కొండ. దాన్ని కింద రోడ్డు మీంచి చూడటమే అయింది. ఇంట్లోంచి బయట కాలు పెడితే పక్కన మా నాన్న ఉండాలి.

మా నాన్న బెల్లం మార్కెట్లో కాటా గుమస్తా. ఉప్మాక వైపు నుంచీ, పాయకరావుపేట వైపు నుంచీ కూడా బెల్లం బళ్ళు మా మార్కెట్టుకే వచ్చేవి. కాటా దగ్గర నాన్న ఉన్నాడంటే రైతు రెండోసారి తూయించుకునేవాడు కాదు, కొనేవాడు ముల్లు వంక చూసేవాడు కాదు. నాన్న నోట్లోంచి ఎంత బరువు అని వస్తే అంతే. ఆ పేరొక్కటే ఆయన సంపాదించుకున్నది. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి కాటా పక్కన గోనెసంచి పరిచి కూర్చోబెట్టేవాడు. తూకం తూకానికీ మధ్య నా వైపు ఒక చూపు. ఇరవై ఏళ్ళ మగాణ్ణి, మీసాలొచ్చినవాణ్ణి, ఈగలు తోలుకుంటూ బెల్లం దిమ్మల మధ్య కూర్చునేవాణ్ణి. ఒక్కొక్కసారి ఆ చూపు భరించలేక "నీ కాటా నువ్వు చూసుకో నాన్నా, నన్నెందుకు తూస్తావు" అని విసుక్కునేవాణ్ణి. ఆయన తూకం చెప్పి, మళ్ళీ చూసేవాడు.

మా పక్కింటి సాయిబు తాళాలూ గొడుగులూ బాగుచేసేవాడు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. నా నడుముకున్న తాళంచెవులు ఆయన దుకాణంలో పనికిరాక పడేసినవే. ఆయన తమ్ముడికీ నా జబ్బే. నాకన్నా రెండేళ్ళు పెద్ద. దుకాణం లోపల గోడవారగా కూర్చుని పొద్దస్తమానం ఆకురాయితో తాళంచెవులు రాస్తూ ఉండేవాడు. అతనికి గుత్తి కట్టే పని లేదు, చుట్టూ ఇనుమే. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుంటే ఇద్దరం ఊళ్ళోవాళ్ళందర్నీ వరసపెట్టి తిట్టుకునేవాళ్ళం. అదొక్కటే మాకు హాయి.

ఇలా ఉండగా ఒక రోజు పూడిమడక నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ మా గుమ్మంలో గంప దించింది. అమ్మ లోపల గిన్నె కోసం వెళ్ళింది. నేను లేచి పక్కకి జరిగాను, గుత్తి గలగలమంది.

"ఏటి బాబూ, నడుంకి అన్ని తాళాలేటి? ఏ కొట్టుకి కాపలా?" అంది నవ్వుతూ.

నాకు ముక్కు మీద కోపం. "మూర్ఛ కొట్టుకి" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపలేదు, జాలి మొహమూ పెట్టలేదు. "ఓస్, అదా. మా మరిదికీ వత్తాది" అంది, ఎవరికో జలుబు చేసిందన్నట్టు.

"మరి ఏం చేస్తాడు?"

"ఏటి సేత్తాడు, సంద్రం మీద సేపలేటకెల్తాడు. తెప్పకి తాడేసి నడుంకి కట్టీసుకుంటాడు. వచ్చినప్పుడు వత్తాది, పోయినప్పుడు పోతాది. ఏటకెల్లకపోతే ఎవులు పెడతారు బాబూ?"

అమ్మ గిన్నెతో వచ్చింది, చేపల బేరం సాగింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నా జబ్బే ఉన్న మనిషి సముద్రం మీదికి వెళుతున్నాడు. రోజూ. నూతి గట్టు కాదు, ఏటి ఒడ్డు కాదు, సముద్రం. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ మాట మనసులోంచి పోలేదు. వారం తిరిగేసరికి అది కోరిక కూడా కాదు, పంతం అయిపోయింది.

తెప్ప మీద సముద్రంలోకి వెళతానని నాన్నతో చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "ఎందుకురా?" అన్నాడు.

"ఎందుకో చెప్తే పంపిస్తావా? నీ వెనకాల దూడలా తిరిగి తిరిగి విసుగొచ్చింది. ఒక్కసారి నా అంతట నేను ఎక్కడికైనా వెళ్ళాలి. ఈ గోనెసంచి మీద కూర్చుని చచ్చేకన్నా అక్కడ చస్తే నయం."

అమ్మ నోరు కొట్టుకుంది.  నాన్న కాటా దగ్గర బరువు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"వెళ్ళు. నేనూ వత్తాను, ఒడ్డున ఉంటాను. అక్కడ నీకు రాకపోతే ఆ గుత్తి తీసేత్తాను. తర్వాత నువ్వు ఎక్కడికెళ్తావో, ఏం చేస్తావో నేను అడగను. అక్కడ వచ్చిందా, ఇంక మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు. సరేనా?"

సరే అన్నాను. నా బతుకంతా ఆ ఒక్క పూట మీద పెట్టేశానని తెలుసు. అయినా సరే అన్నాను.

వెళ్ళడానికి బండి కావాలి, చేపలావిడ ఇంటి తెప్పవాళ్ళకి ఒక పూట వేట పోతుంది కాబట్టి దానికి ఇవ్వాలి. మాకు అంత వెసులుబాటు లేదు. అందుకని నాన్న మార్కెట్టు ధర్మాన్ని అడిగాడు.

ఆ ధర్మం సంగతి చెప్పాలి. అమ్మకం తెగిన ప్రతి బండి దగ్గరా ఒక బెల్లం ముక్క తీసి ధర్మం గంపలో వేసేవారు. ఆ బెల్లం అమ్మిన సొమ్ముతో పేదవాళ్ళ ఇంట పెళ్ళికీ, చావుకీ, చదువుకీ, కంటి ఆపరేషనుకీ సాయం చేసేవారు. కాగితాలూ దరఖాస్తులూ లేవు. పొద్దుటి అమ్మకాలు అయ్యాక వర్తకులు అరుగు మీద కూర్చుంటారు. కావలసినవాడు ఎదురుగా నిలబడి నలుగురూ వినేట్టు అడగాలి. పెద్ద వర్తకుడు ఒక బెల్లం ముక్క చేతిలో పెడితే ఇచ్చినట్టు. ఒకటే నియమం. తీసుకున్నవాడు పని అయ్యాక తిరిగొచ్చి, అదే అరుగు ముందు నిలబడి, ఏం జరిగిందో తన నోటితో చెప్పాలి. అక్కడ అబద్ధం చెప్పినవాడున్నాడని నేనైతే వినలేదు.

నాన్న అడిగాడు. మావాడు సముద్రం మీదికి తెప్పలో వెళ్ళొస్తానంటున్నాడు, సాయం చెయ్యండి అని ఉన్నదున్నట్టే అడిగాడు. అరుగు మీద నవ్వులు లేచాయి.

"షికారుకి ధర్మం ఏటయ్యా? రేపొద్దున్న సర్కస్ చూడ్డానికీ అడుగుతారు" అన్నాడొకాయన.

పెద్ద వర్తకుడు మాత్రం నవ్వలేదు. మంచి మనిషి, ఎవరి కష్టమైనా చెవిన పడితే ఊరుకోలేడు. నన్ను ఎగాదిగా చూసి, గడ్డం రుద్దుకుని, తనకి తానే సమాధానపడ్డాడు. "షికారు కాదులే. ఉప్పుగాలి తగిల్తే మూర్ఛ విరుగుతాదని మా తాత అనీవాడు. ఇది వైద్యమే. ఇచ్చీవచ్చు" అని నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. "గుణం కనిపిస్తే, మన తాళాల సాయిబు తమ్ముడున్నాడు కదా, తర్వాత వాణ్ణి పంపుదాం" అని కూడా అన్నాడు.

నాకు వైద్యం అక్కర్లేదు, సముద్రం కావాలి అని నాలుక చివరిదాకా వచ్చింది. నాన్న నా మోచెయ్యి నొక్కాడు. బెల్లం తీసుకుని వచ్చేశాను. దారిలో సాయిబు దుకాణం ముందు ఆగి ఆ ముక్క విరిచి సగం ఆయన తమ్ముడికిచ్చాను. "నెక్స్టు నువ్వేనట" అన్నాను. అతను ఆకురాయి కింద పెట్టేసి, "నిజమేనా? నిజంగా అన్నాడా?" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఊరి పొలిమేర దాటని మనిషి. నేను బయల్దేరే రోజు దాకా ఎప్పుడు కనిపించినా సముద్రం గురించే అడిగేవాడు. నేను కూడా ఒడ్డు మీంచి తప్ప చూడలేదురా నాయనా అంటే వినడు.

ముందు రోజు రాత్రే బండి కట్టించుకుని తెల్లవారేసరికి పూడిమడక చేరాం. ఒడ్డున చేపలావిడ మొగుడూ, ఆ మరిదీ తెప్ప సిద్ధం చేసుకుని ఉన్నారు. తెప్ప అంటే ఏ పడవో అనుకున్నాను. నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి కొబ్బరితాడుతో బిగించినది, అంతే. అంచూ లేదు, గోడా లేదు. నాన్న మొహం పాలిపోయింది. 

ఆవిడ మొగుడు నా నడుం దగ్గర తడిమి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇదేటి?"

"ఇనుము. మూర్ఛకి. వాళ్ళమ్మ తియ్యొద్దని ఒట్టేయించుకుంది" అన్నాడు నాన్న.

"ఇనప గుత్తెట్టుకుని తెప్పెక్కుతాడా? కెరటానికి జారిపడితే ఇది తేలనిత్తాదా బాబూ? అడుక్కి లాగీదా? నా తెప్ప మీదికి ఇది రాదు."

"అది లేకపోతే, వస్తే ఎలా?"

"వత్తే తాడుంది. ఇనుము తీయండి, నేకపోతే పిల్లోణ్ణి ఇంటికి తీసికెల్లిపోండి."

నాన్న నా వంకా, సముద్రం వంకా చూశాడు. ఆరేళ్ళుగా నన్ను కాపాడుతోందని నమ్మిన వస్తువు. అది విప్పమంటున్నది ఎవరు, ఇంతకుముందు ముఖం కూడా చూడని మనిషి. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. నాన్న వంగి, తన చేత్తోనే మొలతాడు ముడి విప్పాడు. ఉప్పుగాలికి తడిసి ముడి బిగుసుకుపోయింది, చాలాసేపు పట్టింది. గుత్తి తీసి జోలెలో వేసుకున్నాడు. ఆ చోట మరిది కొబ్బరితాడు చుట్టి, రెండో కొస దుంగకి కట్టాడు. తన నడుముకీ అలాగే కట్టుకున్నాడు. ఇద్దరం ఒకే దుంగకి కట్టేసి ఉన్నాం.

కెరటాలు దాటేటప్పుడు నేను బతుకుతానని అనుకోలేదు. నీళ్ళు గోడలా లేచి నెత్తి మీద విరుచుకుపడేవి, దుంగల సందుల్లోంచి కిందికి జారిపోయేవి. ఊపిరి తీసుకునే లోపల ఇంకోటి. నేను అరుస్తున్నానని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. భయంతో అరుస్తున్నాననుకుంటే మరిది వెనక్కి తిరిగి నవ్వాడు. "అరువు బాబూ, ఎంతైనా అరువు. ఇక్కడెవులున్నారు" అన్నాడు. నిజమే, ఎవరూ లేరు. ఆరేళ్ళలో నా చుట్టూ మొహాలు లేని చోటు అదే మొదలు.

కెరటాలు దాటాక సముద్రం మెత్తబడింది. పెద్ద పశువు ఊపిరి తీసుకుంటున్నట్టు మెల్లిగా లేస్తుంది, దిగుతుంది. ఒడ్డు మీద తాటిచెట్లు చిన్నవైపోయాయి. ఇసకలో తెల్లగా చుక్కలా నాన్న. కదలకుండా నిలబడి ఉన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు, ఏడ్చేశాను. ఉప్పునీళ్ళలో ఎవరికి తెలుస్తుంది.

అప్పుడు వాసన వచ్చింది. వెంట్రుక కాలిన వాసన. నాకు వచ్చే ముందు ఎప్పుడూ అదే వస్తుంది. సముద్రం మధ్యలో వెంట్రుకలు ఎవరు కాలుస్తారు. ఇక్కడ కూడా వదలవా అని నా జబ్బుని నేను తిట్టుకోవడం దాకానే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నాను. మరిది మోకాలు నా వీపుకి ఆనించి ఉంది, చెయ్యి నా తల కింద ఉంది, నోట్లోకి నీళ్ళు పోకుండా. పైన ఆకాశం ఒక్కటే. ఉల్లిపాయ లేదు, తాళంచెవి లేదు, అయ్యో పాపం అనే నోరు లేదు. నాలుక కొరుక్కున్నాను, నోరంతా నెత్తురు రుచి. ఉప్పు తగిలి భగ్గుమంది.

"వచ్చీసింది. ఎల్లిపోయింది" అన్నాడు మరిది. "లెగ్గలవా? లెగితే తెడ్డొట్టుకో. ఊరికే కూకుంటే సలేత్తాది."

లేచాను. చేతులు పట్టు తప్పుతున్నా తెడ్డు పట్టుకున్నాను. నాకు నేర్పినట్టు కూడా కాదు, తోటివాడికి పని ఇచ్చినట్టు ఇచ్చాడు. ఒడ్డు దాకా తెడ్డు వేస్తూనే వచ్చాను. ఒక పక్క ఒళ్ళంతా సంతోషం, ఇంకో పక్క దిగులు. పందెం ఓడిపోయాను. ఒడ్డున నాన్న అడుగుతాడు, వచ్చిందని చెప్పాలి, మళ్ళీ గుత్తి, మళ్ళీ గోనెసంచి, ఇంక జన్మలో ఆ ఊసెత్తకూడదు. చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటూ తెప్ప దిగాను.

నాన్న ఏమీ అడగలేదు. ఆయన పంచె తడిసి ఉంది, కెరటం తగిలిందేమో అనుకున్నాను. తువ్వాలుతో నా తల తుడిచి, "ఆకలేత్తోందా?" అన్నాడు. ఎప్పటికి అడుగుతాడా అని బండిలో దారంతా ఎదురుచూశాను. అడగలేదు. జోలెలో గుత్తి ఉంది, తీసి కట్టలేదు. అడగనప్పుడు నాకై నేను చెప్పే ధైర్యం లేకపోయింది. ఇంటికి చేరాక అమ్మ పెరుగన్నం కలిపి పెట్టింది. చేపల పులుసు కాగుతోంది, వాసన వస్తోంది. అయినా నా కంచంలో పెరుగన్నమే పెట్టింది. కొరుక్కున్న నాలుకకి ప్రాణం లేచొచ్చింది. అదృష్టం అనుకున్నాను.

మర్నాడు మార్కెట్లో అరుగు ముందు నిలబడ్డాం. వర్తకులందరూ ఉన్నారు. సాయిబు తన తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. అతను తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు, బయల్దేరడానికి సిద్ధపడ్డట్టు.

"ఏం నాయనా, సముద్రం మీద వచ్చిందా?" అన్నాడు పెద్ద వర్తకుడు నన్ను చూసి.

నేను నోరు తెరిచేలోపల నాన్న అన్నాడు. "రాలేదండి."

నేను తలతిప్పి చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. నన్ను అడగనే లేదు కదా, రాలేదని తనే అనుకున్నాడు కాబోలు. గుండె ఒక్కసారి తేలికపడింది. పందెం నేను గెలిచినట్టే. ఊరుకుంటే చాలు, రేపట్నించి నా దారి నాది. నాలుక నొప్పెడుతోంది, నోరు మూసుకునే ఉన్నాను.

అరుగంతా సందడైపోయింది. ధర్మం మొదటిసారి మూర్ఛని గెలిచిందన్నారు. పెద్ద వర్తకుడి మొహం వెలిగిపోయింది. సాయిబుని దగ్గరికి పిలిచి చెప్పడం మొదలుపెట్టాడు. "ఊరికే తెప్ప మీద గాలి పోసుకుంటేనే ఇంత గుణమిచ్చింది. మీవాడికి ముదిరిపోయింది కాబట్టి గాలి చాలదు. తెప్పెందుకు, తాడెందుకు? నడుముకి రెండు గుత్తులు గట్టిగా కట్టండి. లోతు నీట్లోకి దింపి, పూర్తిగా ముంచండి. ఇనుమూ ఉప్పునీరూ కలిసి పట్టిందంటే మళ్ళీ రాదు. మనవాళ్ళనే ఇద్దర్ని తోడిత్తాను. రేపే బయల్దేరండి."

మంచి మనసుతోనే చెబుతున్నాడు. అదే నాకు వణుకు పుట్టించింది. సాయిబు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు, కళ్ళల్లో నీళ్ళు. తమ్ముడు నా వైపు చూసి నవ్వాడు. ఇనపగుత్తులు రెండు. లోతు నీళ్ళు. అక్కడ ఆ వెంట్రుక కాలిన వాసన వస్తే.

"నాకు వచ్చింది" అన్నాను.

మొదట ఎవరికీ వినపడలేదు. నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. గట్టిగా అన్నాను. "నాకు వచ్చింది. తెప్ప మీదే వచ్చింది. తాడు కట్టి ఉంది కాబట్టి బతికాను. ఇనుము కట్టుకుంటే తెప్ప కూడా ఎక్కనివ్వనన్నాడు ఆ మనిషి. గుత్తులు కట్టి ముంచితే పైకి రాడు. మీకు దణ్ణం పెడతాను, ముంచకండి. పంపితే తెప్ప మీద పంపండి. తగ్గదు. తగ్గకపోయినా పంపండి."

సాయిబు జోడించిన చేతులు దించేశాడు. 

"తగ్గనిదానికి ధర్మం ఎందుకిత్తారయ్యా?" అన్నాడు మొన్న నవ్వినాయన.

పెద్ద వర్తకుడు నన్ను వదిలేసి నాన్న వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆయన గొంతులో, అదే మరీ ఘోరం.

"కాటా దగ్గర కూర్చునే మనిషివి నువ్వు" అన్నాడు. అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. మరి ఎవర్నీ పంపలేదు, ఆ రోజూ, తర్వాత కూడా.

సాయిబు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి వెళ్ళాడు. తమ్ముడు మాత్రం ఆగాడు. "ఎందుకు చెప్పేవురా?" అన్నాడు నా చెవిలో. "ములిగితే ములిగేవాణ్ణి. సముద్రం చూసీవాణ్ణి కదా." నేను నిన్ను బతికించాను కదరా అని అరవబోయాను. అతని మొహం చూసి అరవలేకపోయాను.

నాన్నా నేనూ మార్కెట్లోంచి బయటికొచ్చాం. నాన్న మామూలు కన్నా నెమ్మదిగా నడుస్తున్నాడు. నాకు పాపం అనిపించింది, కోపమూ వచ్చింది.

"అడక్కుండా రాలేదని ఎలా చెప్పేశావు నాన్నా? ఒక్క మాట నన్నడిగితే ఏం పోయింది?"

రోడ్డు పక్కన మూసేసిన కొట్టు అరుగు ఉంది. దాని మీద కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అడగడానికేముందిరా. చూసేను."

నాకు అర్థం కాలేదు.

"ఒడ్డు మీంచి కనిపించదనుకున్నావా? తెడ్లు రెండూ ఆగిపోయాయి. ఒకడు నీ మీదికి వంగేడు. నాకు తెలీదా? నేను నీళ్ళలోకి నడుం దాకా దిగిపోయేను. ఈత రాదు నాకు. అక్కడే నిలబడిపోయేను." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "తర్వాత నువ్వు లేచేవు. తెడ్డేసుకుంటూ వచ్చేవు. అదీ చూసేను. ఇంటికొచ్చేక అమ్మకి చెప్పేను. పులుసు పెట్టకు, నాలుక కొరుక్కునుంటాడు అన్నాను."

"మరి వాళ్ళ ముందు..."

"వచ్చిందని చెప్తే నీకు ఇచ్చిన మాట ప్రకారం నిన్ను ఆపాలి. ఆపబుద్ధి కాలేదు. నేనెన్నాళ్ళుంటాను నీ వెనకాల తిరగడానికి?"

నేను పక్కన నిలబడి ఉన్నాను.  ఆ ఒక్క పేరే ఆయనకున్నది. దాన్ని నాకోసం ఆ అరుగు మీద పెట్టేశాడు. నేను నలుగురి ముందూ నిలబడి, తెలియక, దాన్ని విరిచేశాను. చెప్పకపోతే ఒకడు నీళ్ళలో పోయేవాడు. మళ్ళీ ఆ చోట నిలబెడితే మళ్ళీ అదే చెబుతాను. అయినా ఆ మధ్యాహ్నం నాకు ఆ ఎండలో నేల చీలి లోపలికి పోవాలనిపించింది.

"నిన్ను కాటా దగ్గరికి రావద్దంటారా?" అన్నాను.

"వాళ్ళు అనక్కర్లేదు. నేనే కూచోలేను" అన్నాడు. తర్వాత, మామూలుగా, రోజూ చెప్పే మాటలా, "నువ్వు ఇంటికి వెళ్ళు. నేను కాసేపు కూచుని వత్తాను" అన్నాడు.

"నేనొక్కణ్ణా?"

"ఒక్కడివే. వెళ్ళు."

నడిచాను. ఆరేళ్ళ తర్వాత పక్కన ఎవరూ లేకుండా నడిచిన మొదటి దారి అది. అంతగా కోరుకున్నదే గానీ, ఇల్లు ఎప్పుడు వస్తుందా అనిపించింది. మలుపు దగ్గర ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూశాను. నాన్న ఇంకా ఆ అరుగు మీదే ఉన్నాడు. నా వైపు చూడటం లేదు. చూడకూడదని మొహం అటు తిప్పుకుని, రెండు చేతులతో అరుగు అంచు పట్టుకుని కూర్చున్నాడు.